ఆరోగ్య పుస్తకాల్లో ఏది పనికొస్తుందో తేల్చుకోవడం ఎలా?

తాడిపత్రి దారి (అనంతపురం జిల్లా) రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. అనంతపురం నుంచి తాడిపత్రి వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో ఒక చిన్న పఠన మందిరాన్ని ఉద్యోగ విరమణ తరువాత నేను చూసుకుంటున్నాను. మా ఊరి అబ్బాయి ఒకడు, బెంగళూరులో స్థిరపడినవాడు, ఆహారం గురించీ ఆరోగ్యం గురించీ వచ్చిన పుస్తకాలు కొనమని తన తల్లి పేరిట కొంత సొమ్ము పంపాడు. నేను అనంతపురం వెళ్లి అంగళ్లలో కనబడినవన్నీ కలిపి పద్నాలుగు పుస్తకాలు తెచ్చాను. తెచ్చిన తరువాతే చిక్కు మొదలైంది.

చక్కెర జబ్బు ఉన్నవారు మూడు పూటలా రాగులే తినాలని ఒక పుస్తకం చెబుతుంటే, రాగుల జోలికే పోవద్దని ఇంకొకటి చెబుతోంది. ఒకటి నూనె చుక్క కూడా వద్దంటుంది, మరొకటి కొబ్బరినూనెను గ్లాసులో పోసుకుని తాగమంటుంది. ఉప్పు పూర్తిగా మానేయమని ఒకరు రాశారు. సైంధవ లవణమైతే ఎంత వాడినా ఫరవాలేదని మరొకరు రాశారు. పొదుపు సంఘం మహిళలు సాయంత్రం పూట వచ్చి, "సారూ, వీటిలో ఏది చదవాలో మీరే చెప్పండి" అని అడుగుతున్నారు. నేను తపాలా శాఖలో పనిచేసినవాణ్ని. చిరునామా తప్పుగా ఉన్న ఉత్తరాన్ని చూడగానే పట్టగలను గానీ, ఈ పుస్తకాల తప్పొప్పులు పట్టే చదువు నాకు లేదు.

వీటిలో ఏది నిజమో చెప్పమని నేను అడగడం లేదు. వైద్యుడు కాని మామూలు పాఠకుడు ఇలాంటి పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, అది తనకు పనికొస్తుందా లేదా అన్నది ఏ ఆనవాళ్లను బట్టి తేల్చుకోవచ్చునో చెప్పగలరా?

లెక్కల మాస్టారు (కర్నూలు) రాశారు:

తాడిపత్రి దారి గారూ, నేను పాఠశాలలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను కాబట్టి నా దృష్టి ముందుగా అంకెల మీదికే పోతుంది. పుస్తకంలో శాతం కనబడిన ప్రతి చోటా ఆగి, "ఎందులో శాతం?" అని అడగండి. సమాధానం అదే పుటలో దొరకకపోతే ఆ అంకెను లేనట్టుగానే భావించండి.

ఒక ఉదాహరణ చెబుతాను. నిలవ ఉండేందుకు ఉప్పు పట్టించడం, పొగబెట్టడం వంటివి చేసిన మాంసాన్ని రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రకటించింది. ఈ వాక్యాన్ని చదివినవారిలో చాలామంది, తిన్న ప్రతి వందమందిలో 18 మందికి జబ్బు వస్తుందని అర్థం చేసుకున్నారు. అది తప్పు. లెక్క కోసం, వందమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు ఒకటి ఉందనుకోండి. దాని ముప్పు 18 శాతం పెరిగితే ఆ ఐదుగురు దాదాపు ఆరుగురవుతారు. మాట ఒక్కటే అయినా, ఒక రకంగా చెబితే గుండె ఆగినంత పనవుతుంది, ఇంకో రకంగా చెబితే ఆలోచించుకునే వీలుంటుంది. ఐదు ఆరవుతుందన్న సంగతి దాచి, 18 శాతాన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో వేసే పుస్తకం మిమ్మల్ని భయపెట్టదలచుకున్నదని గ్రహించండి. మేలు చేస్తుందని చెప్పే అంకెలకూ ఇదే లెక్క.

కడప వంటిల్లు రాశారు:

నేను కడపలో ఒక ఆసుపత్రిలో ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. మాస్టారు గారు చెప్పినది సరైనదే గానీ, మా దగ్గరికి వచ్చేవారి ఇబ్బంది అంతకంటే ముందే, అంటే కొలత దగ్గరే మొదలవుతుంది.

"ఒక కప్పు అన్నం" అని రాసిన పుస్తకాన్ని తీసుకోండి. అమెరికా పుస్తకాన్ని చూసి రాసినదైతే ఆ కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన ఇంట్లో కాఫీ తాగే కప్పు అందులో సగం ఉంటే గొప్ప. ఇక "100 గ్రాముల అన్నం" అన్నప్పుడు అది బియ్యం బరువా, వండిన తరువాత బరువా? వంద గ్రాముల బియ్యం నీళ్లు పీల్చుకుని, వండే తీరును బట్టి, రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది. ఈ ఒక్క సంగతి తేల్చకుండా వదిలేస్తే పాఠకుడు చెప్పినదానికి మూడింతలు తినవచ్చు, లేదా మూడో వంతుతో కడుపు మాడ్చుకోవచ్చు. రెండు రకాల వారినీ నేను చూశాను.

మీ ప్రశ్నలోని రాగుల సంగతికి వస్తాను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదే ఏడాది మార్చి నుంచి మన రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలైంది, దానితో పాటు ఈ తరహా పుస్తకాలూ వెల్లువెత్తాయి. రాగుల్లో కాల్షియం పుష్కలమన్న మాట నిజమే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, ధాన్యాలలో దానికి సాటి లేదు. అయితే ఒక్క సంగటి ముద్దతో రోజుకు సరిపడా కాల్షియం అందుతుందని మీ పద్నాలుగింటిలో ఏదైనా రాసి ఉంటే, దయచేసి మీ ఇంట్లో ముద్దను తూచి చూడండి. ఏం తేలిందో ఇక్కడ రాస్తే తరువాత మాట్లాడుకుందాం.

కొర్రల చేను (పత్తికొండ) రాశారు:

అయ్యా, అమ్మా, మీరంతా చదువుకున్నవారు. నేను పత్తికొండ దగ్గర కొర్రలు, చెనిక్కాయలు పండించే రైతును. మూడేళ్ల కిందట నాకు మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 9.1 వచ్చింది. అప్పుడు ఒక చిరుధాన్యాల పుస్తకం చదివి అన్నం మానేసి కొర్రలకు మారాను. ఎనిమిది నెలలకు అదే పరీక్షలో 7.4 వచ్చింది. ఆ పుస్తకంలో కప్పుల కొలతలూ లేవు, శాతాలూ లేవు, అయినా నాకు పనిచేసింది. పనిచేసిన పుస్తకాన్ని పనికొచ్చే పుస్తకం అనకూడదా? మా అవ్వ, తాత జొన్న రొట్టెలూ కొర్రన్నమూ తిని తొంభై ఏళ్లు బతికారు. వాళ్లెవరూ ఏ సంస్థ చెప్పిన లెక్కలూ చూడలేదు.

లెక్కల మాస్టారు (కర్నూలు) రాశారు:

కొర్రల చేను గారూ, మీకు మేలు జరిగినందుకు సంతోషం. మీ మాటను నేను కాదనడం లేదు. ఒక్క ప్రశ్న అడుగుతాను: ఆ ఎనిమిది నెలల్లో అన్నం బదులు కొర్రలు తినడం తప్ప మీరు మార్చుకున్నది ఇంకేమైనా ఉందా?

కొర్రల చేను (పత్తికొండ) రాశారు:

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. రోజుకు నాలుగు గ్లాసుల టీ తాగేవాణ్ని, రెండేసి చెంచాల చక్కెర వేసుకుని. పుస్తకంలో వద్దన్నారని అది మానేశాను. రాత్రి తొమ్మిదిన్నరకు తినేవాణ్ని, ఏడింటికి మార్చుకున్నాను. మోటారు బండి కొడుకు తీసుకుపోవడం వల్ల చేనుకు నడిచి వెళ్లడం మొదలైంది, రానుపోను ఐదు కిలోమీటర్లు. మాత్రలు మాత్రం మానలేదు. ఇవన్నీ కలిసే మేలు చేశాయని మీరు అంటారని తెలుసు.

కడప వంటిల్లు రాశారు:

అవి కలిసే మేలు చేశాయనడంలో తప్పేముంది, అన్నా? మీ పుస్తకం ఆ విధంగా మీకు ఉపయోగపడింది. నా అభ్యంతరం ఒక్కటే. ఆ మేలంతా కొర్రల ఖాతాలో రాసి, ఇంకొకరికి "కొర్రలు తిను, చాలు" అని చెబితే, ఆ మనిషి నాలుగు గ్లాసుల టీ తాగుతూనే కొర్రన్నం కడుపునిండా తింటాడు. కొర్రల్లో పీచు ఎక్కువ, మాంసకృత్తులు బియ్యం కంటే ఎక్కువ, అది నిజం. పిండిపదార్థం కూడా నూటికి అరవైకి పైగానే ఉంది, అదీ నిజమే. పుస్తకాల్లో మొదటి నిజం కనబడినంత పెద్దగా రెండోది కనబడదు.

పెద్దల తిండి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ వాదం ప్రతి పుస్తకం ముందుమాటలోనూ ఉంటుంది. ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అలా వచ్చిన తరువాత అక్కడి శాస్త్రవేత్తలు ఎదుర్కొన్న సమస్యలలో పెల్లాగ్రా ఒకటి. ఎండ తగిలే చోట, ముఖ్యంగా చేతుల మీదా మెడ చుట్టూ, చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. నయాసిన్ అనే విటమిన్ చాలకపోవడం వల్ల వచ్చే ఈ జబ్బు దక్కన్‌లో జొన్నలే ఆధారంగా బతికే పేదవారిలో కనబడేది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం దీనికి ఒక కారణం కావచ్చునని డాక్టర్ సి. గోపాలన్ బృందం ప్రతిపాదించింది. పూర్వం రోగాలే లేవని రాసిన పుస్తకాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మెడచుట్టు మచ్చలే గుర్తుకొస్తాయి.

కొర్రల చేను (పత్తికొండ) రాశారు:

మీరు చెప్పిన జబ్బు గురించి నాకు తెలియదు, తెలిపినందుకు ధన్యవాదాలు. అయితే మా అవ్వ ఒట్టి జొన్న రొట్టె తినేది కాదమ్మా. రొట్టెతో పాటు అలసందల పప్పో, గోగాకు పప్పో, చెనిక్కాయల పొడో, గట్టి మజ్జిగో తప్పకుండా ఉండేది. మాకు నాలుగు ఎకరాలు, రెండు బర్రెలు ఉండేవి కాబట్టి ఉండేది. మా వీధి చివర కూలికి పోయేవారి ఇంట్లో రొట్టె మీదికి పచ్చిమిరపకాయ, ఉప్పు మాత్రమే ఉండేవని అవ్వే చెప్పేది. పుస్తకాలవారు మా అవ్వ రొట్టెను చూశారు గానీ, పక్కన ఉన్న గిన్నెలను చూడలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

కడప వంటిల్లు రాశారు:

ఈ మాట నేను రోగులకు చెప్పవలసి వచ్చినప్పుడు మీ అవ్వగారి గిన్నెలనే చెబుతాను, అనుమతించండి.

కోడలు (అనంతపురం) రాశారు:

ఇప్పటివరకు చదువుతూ ఊరుకున్నాను. మా ఇంట్లో జరిగినది చెబితే తాడిపత్రి దారి గారికి ఉపయోగపడవచ్చు.

మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు, చక్కెర జబ్బుకు గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వాడతారు. నిరుడు శ్రావణ మాసంలో ఎవరో ఇచ్చిన పుస్తకం చదివి, అందులో రాసినట్టు మూడు రోజులు గుమ్మడికాయ రసం, నిమ్మకాయ నీళ్లు మాత్రమే తాగి ఉండాలని నిర్ణయించుకున్నారు. మాత్ర మానడం తప్పని ఆమెకు బాగా తెలుసు కాబట్టి ఉదయం, రాత్రి క్రమం తప్పకుండా మాత్ర వేసుకున్నారు. రెండో రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు నేను లేచి చూసేసరికి ఆమె చీర చెమటకు తడిసి ముద్దై ఉంది. పిలిస్తే నా పేరుకు బదులు ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరు పలుకుతున్నారు. వేలి కొస నుంచి రక్తం తీసి చూస్తే చక్కెర 41 ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లి గ్లూకోజు ఎక్కించిన తరువాత తేరుకున్నారు.

ఆ తరువాత నేను ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి వరకు రెండుసార్లు చదివాను, ఎక్కడ అబద్ధం రాశారో పట్టుకుని తగవు పెట్టుకుందామని. ఉపవాసం ఉంటే చక్కెర తగ్గుతుందని రాశారు, తగ్గింది కదా. మందులు మానేయమని ఎక్కడా రాయలేదు. మందులు వాడేవారు ఏం చేయాలన్నది కూడా ఎక్కడా రాయలేదు. నూట అరవై పుటల్లో మాత్ర అనే మాటే లేదు. అందుకే ఇప్పుడు ఏ పుస్తకం చేతికొచ్చినా, ఇది ఎవరికి పనికిరాదని రాశారా అని మాత్రమే వెతుకుతాను. అందరికీ పనికొస్తుందని రాసి ఉంటే మూసేస్తాను.

కడప వంటిల్లు రాశారు:

అత్తగారు కోలుకున్నందుకు సంతోషం, అమ్మా. ఆమె చేసిన పొరపాటు చాలా సహజమైనది. గ్లిమిపిరైడ్ వంటి మందులు తిండి తిన్నా తినకపోయినా క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్‌ను రప్పిస్తాయి. తిండి తగ్గించినప్పుడు మోతాదును వైద్యుడు సరిచేయాలి. ఈ ఒక్క వాక్యం లేని చక్కెర జబ్బు పుస్తకాన్ని పఠన మందిరంలో ఉంచవద్దని నేను గట్టిగా చెబుతాను.

మీ మాటకు తోడు ఇంకొకటి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి పొటాషియం బయటికి పోదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లు, ఆకుకూరల రసాలు, పండ్ల రసాలు అందరికీ అమృతమని రాసిన పుస్తకాలు వారి చేతిలో పడితే ఏమవుతుందో ఊహించండి. ఉప్పు తగ్గించుకోవాలనుకునేవారికి అమ్మే కొన్ని రకాల ఉప్పులలోనూ సోడియం బదులు పొటాషియమే ఉంటుంది. ఇక సైంధవ లవణం సంగతి: దానిలో ఉన్నది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. ఏ ఉప్పైనా రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా, దాటకూడదు. మన ఊరగాయలు అందులోనే లెక్క.

హాస్టల్ గది (అనంతపురం) రాశారు:

నేను ఇంజినీరింగు విద్యార్థిని. ఈ రోజుల్లో పుస్తకాలు ఎవరు చదువుతున్నారు, అందరూ వీడియోలే చూస్తున్నారు కదా? నేను వ్యాయామశాలకు వెళ్తాను. కిలో బరువుకు 2 గ్రాముల ప్రొటీన్ తినాలని, అందుకు పొడి కొనాలని అక్కడ ఒక పుస్తకం ఇచ్చారు. దీనిని ఎలా తూచాలో కూడా చెప్పండి.

లెక్కల మాస్టారు (కర్నూలు) రాశారు:

వీడియో అయితే నిన్న చెప్పినది నేడు తీసేయవచ్చు. పుస్తకం చేసిన తప్పు పుటలో అలాగే ఉంటుంది, పెన్సిలుతో గీత గీయవచ్చు. అందుకే నాకు పుస్తకాలంటే ఇష్టం.

మీ పుస్తకాన్ని ఎవరు ఇచ్చారో, పొడి ఎవరు అమ్ముతున్నారో చూడండి. ఇద్దరూ ఒకరే అయితే అది పుస్తకం కాదు, ధరల పట్టిక.

కడప వంటిల్లు రాశారు:

బాబూ, ఆరోగ్యవంతుడైన వయోజనుడికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుందని మన దేశానికి 2020లో నిర్ణయించిన ప్రమాణం చెబుతుంది. బరువులు ఎత్తి కండ పెంచుకునేవారికి అంతకంటే ఎక్కువ కావాలి గానీ, దానిని పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, మాంసంతోనే అందుకోవచ్చు. మీ జిల్లాలో పండే చెనిక్కాయల్లో నూటికి ఇరవై నాలుగు, ఇరవై ఐదు గ్రాముల ప్రొటీన్ ఉంది. అదే వంద గ్రాములలో 500 కిలోకేలరీలకు పైగా శక్తి కూడా ఉంది కాబట్టి గుప్పెడుతో ఆపాలి.

నీలాంటి వారికి ఇంకొక సంగతి పనికొస్తుంది. నీ ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 65 కిలోలు అనుకుందాం. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె (బీఎంఐ అంటారు) దాదాపు 23.9. విదేశీ పుస్తకాన్ని అనువదించిన పుస్తకంలో 25 దాటే వరకు బరువు సాధారణమే అని ఉంటుంది. మన శరీరాల్లో తక్కువ బరువుకే పొట్ట దగ్గర కొవ్వు చేరి చక్కెర జబ్బు వస్తోంది కాబట్టి భారతీయులకు 23 నుంచే అధిక బరువుగా లెక్కిస్తారు. పుస్తకం ఏ అంకె వాడిందో చూస్తే అది ఎవరి కోసం రాసినదో తెలిసిపోతుంది.

తాడిపత్రి దారి (అనంతపురం జిల్లా) రాశారు:

కడప వంటిల్లు గారు చెప్పినట్టు నిన్న మా ఇంట్లో తూచాను. కిరాణా అంగడి నుంచి చిన్న కాటా అడిగి తెచ్చాను. మా ఆవిడ మొదట నవ్వింది, తరువాత ఆమే పట్టుదలగా కొలిచింది.

ఇద్దరికి రెండు ముద్దలకని ఆమె రోజూ చేతి అంచనాతో వేసే బియ్యం తూస్తే 120 గ్రాములు, రాగిపిండి తూస్తే అదీ దాదాపు అంతే వచ్చింది. బియ్యం మెత్తగా ఉడికిన తరువాత పిండి పోసి, మూతపెట్టి, సంగటి కట్టెతో ఉండలు కట్టకుండా గెలికి, తడి చేత్తో ముద్దలు చేసింది. ఒక్కొక్క ముద్ద 400 గ్రాములకు కొంచెం అటూ ఇటూ తూగింది. అంటే ఒక ముద్దలో రాగిపిండి 60 గ్రాములే. ఇంకో 60 గ్రాములు బియ్యం, అంతకు మించినదంతా నీళ్లు. అరవై గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 210 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలట. ఆ లెక్కన రోజుకు ఐదు ముద్దలు తినాలి. మా పద్నాలుగు పుస్తకాలలో మూడింటిలో "ఒక్క ముద్ద చాలు" అని ఉంది. రాగి సంగటిలో సగం బియ్యమేనన్న సంగతి ఒక్క పుస్తకంలోనూ లేదు. రాసినవారు సంగటి గెలికిన చేతులు కాదని మా ఆవిడ తీర్పు.

కడప వంటిల్లు రాశారు:

చాలా బాగా తూచారు. ముద్ద పక్కన ఒక గ్లాసు మజ్జిగ, ఒక ఆకుకూర పప్పు ఉంటే ఆ లోటులో చాలా భాగం తీరుతుంది. రాగులను మొలకెత్తించి పిండి పట్టిస్తే ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి, ఒంటికి కొంచెం ఎక్కువ అందుతుంది కూడా.

కొర్రల చేను (పత్తికొండ) రాశారు:

తాడిపత్రి దారి గారిని చూసి నేనూ పట్టుబట్టాను. నా దగ్గర చక్కెర చూసుకునే మీటరు ఉంది. 60 గ్రాముల కొర్రలు వండుకుని, ఒకే రకం కూరతో తిని, రెండు గంటలకు చూస్తే ఒక రోజు 171, ఇంకో రోజు 178 వచ్చింది. అదే కూరతో 60 గ్రాముల సోనా బియ్యం అన్నం తింటే 186, 179 వచ్చాయి. కొర్రలే మేలని తేలినట్టే కదా? తరువాత ఊరికే ఉండలేక, బియ్యం 30 గ్రాములకు తగ్గించి, గిన్నెడు అలసందల గుగ్గిళ్లు, రెట్టింపు కూర పెట్టుకుని రెండు రోజులు చూశాను: 148, 143. ఇది మాత్రం నేను అనుకోలేదు.

లెక్కల మాస్టారు (కర్నూలు) రాశారు:

ఈ చర్చలో ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను. అయితే ఒక హెచ్చరిక. ఇంట్లో వాడే మీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్న రీడింగు ప్రయోగశాలలో వచ్చే విలువకు 15 శాతం ఎక్కువగా గానీ తక్కువగా గానీ ఉన్నా అది మంచి మీటరే. అంటే అసలు విలువ 170 అయితే మీ మీటరు 145 చూపవచ్చు, 195 చూపవచ్చు. కాబట్టి మీ కొర్రలకూ సోనా అన్నానికీ మధ్య వచ్చిన తేడా మీటరు తేడాయే కావచ్చు. మూడో ప్రయోగంలో తేడా పెద్దది, దిశ కూడా మనం ఊహించేదే, అయినా రెండే రోజులు. ఇంకో వారం చూసి రాయండి. వందమంది అనుభవాలను వెనుక పుటల్లో అచ్చువేసిన పుస్తకాలలో ఒక్కరైనా మీలాగా కూర మార్చకుండా, బరువు తూచి చూశారా అన్నది నా సందేహం.

కొర్రల చేను (పత్తికొండ) రాశారు:

చూస్తాను. కానీ మాస్టారు గారూ, శాస్త్రవేత్తలను కూడా నేను ఒక మాట అడగాలి. గుడ్డు వద్దన్నారు, మళ్లీ తినమన్నారు. ఇలా మాట మార్చేవారి పుస్తకాన్ని నమ్మడం ఎట్లా?

లెక్కల మాస్టారు (కర్నూలు) రాశారు:

న్యాయమైన ప్రశ్న. తిండిలోని కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితిని అమెరికా తన 2015 నాటి మార్గదర్శకాల్లో తీసేసిన మాట నిజం. వారు ఎందుకు మార్చారో కూడా రాసిపెట్టారు, మీరూ నేనూ చదివి తగాదా పడవచ్చు.

ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చాలా పరిశీలనల్లో కనబడింది. అందుకు కారణం క్యారెట్ వంటి వాటిలో ఉండే బీటా కెరోటిన్ అనే పదార్థం కావచ్చునని, ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులను 29 వేల మందికి పైగా తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: నిజం మాత్రలు మింగినవారిలోనే క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. క్యారెట్ తినేవాడికి మేలు చేసినది క్యారెట్టో, అతని మిగతా అలవాట్లో తెలియకుండానే మనం మాత్ర చేసి అమ్మబోయామన్నమాట. ప్రయోగం చేయకపోయి ఉంటే ఆ మాత్రలు మేలు చేస్తాయనే ఇప్పటికీ రాసేవారు. మాట మార్చినందుకు నేను వారిని తక్కువ చేయను. ఇరవై ఏళ్లుగా ఒక్క వాక్యమూ మారకుండా పదిహేనో ముద్రణకు చేరిన పుస్తకాన్నే అనుమానిస్తాను.

కడప వంటిల్లు రాశారు:

దీనికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాలను 1998లో తెచ్చి, 2011లో మార్చి, మళ్లీ 2024లో పదిహేడు సూచనలుగా తిరగరాసింది. అందులో 2000 కిలోకేలరీల పళ్లెం ఒకటి ఉంటుంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనెలు, కొవ్వులు 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. ధాన్యమూ పప్పూ పచ్చి బరువులే. నూనె చుక్క వద్దనే పుస్తకాన్నీ, కొబ్బరినూనె తాగమనే పుస్తకాన్నీ ఈ 27 గ్రాముల పక్కన, అంటే సుమారు ఆరు టీ చెంచాల పక్కన, పెట్టి చూడండి. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు నూటికి ఎనభై దాటి ఉంటుంది.

దానిలోనూ లోటు లేదని నేను అనను. మన కూలి కుటుంబాలు రోజూ 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కొనగలవా అన్నది ఆ పళ్లెం చెప్పదు. నేను కడప సంతలో ధరలు చూసి, ఆ వారం చౌకగా ఉన్న ఆకుకూరను చీటీ మీద రాసి ఇస్తుంటాను.

తాడిపత్రి దారి (అనంతపురం జిల్లా) రాశారు:

వారం రోజులుగా మీరు రాసినవన్నీ దగ్గర పెట్టుకుని, మా పద్నాలుగు పుస్తకాలనూ మళ్లీ తిరగేశాను. ఐదింటిని బల్ల మీద ఉంచాను. ఆరింటిని లోపలి బీరువాలో పెట్టాను, అడిగినవారికి నేను పక్కన కూర్చుని ఇస్తాను. మూడింటిని అంగడివాడు వెనక్కి తీసుకోనన్నాడు. వాటిలో ఒకటి కోడలు గారు చెప్పిన రసాల ఉపవాసం వంటిదే, మందుల ఊసే లేదు. దానిని చించడానికి చేతులు రాలేదు గానీ, ఎవరికీ ఇవ్వను.

బల్ల మీది వాటికి ముందు అట్ట లోపల ఒక చీటీ అంటిస్తున్నాను. పుస్తకం ఏ ఏట అచ్చయింది, రాసినవారు ఏదైనా అమ్ముతారా, కొలతలు పచ్చివా వండినవా, ఎవరికి పనికిరాదని పుస్తకమే చెప్పింది అన్నవి అందులో నా చేతిరాతతో నింపుతున్నాను. మిగిలిన సొమ్ముతో ఒక వంటింటి కాటా కొని పుస్తకాల పక్కనే పెట్టాను. మొదటి రోజే ఇద్దరు మహిళలు ఇంటి నుంచి బియ్యం కొలిచే గ్లాసులు తెచ్చి తూచుకుని వెళ్లారు. ఒకరి గ్లాసు నిండా పోసిన బియ్యం 140 గ్రాములు, ఇంకొకరిది 210. ఇద్దరూ ఇన్నాళ్లూ "గ్లాసు బియ్యమే వండుతున్నాం" అని చెప్పుకుంటున్నారు.

కోడలు (అనంతపురం) రాశారు:

చీటీ మీద మాత్రల గురించి విడిగా ఒక వరుస రాయండి, "మీరు రోజూ మాత్రలు వాడుతుంటే ఇది మొదలుపెట్టే ముందు వైద్యుణ్ని అడగండి" అని. మీ చేతిరాత చిన్నదైతే ఎవరిచేతనైనా పెద్ద అక్షరాలతో రాయించండి. మా అత్తగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. అద్దాలు పెట్టుకున్నా ఆ పుస్తకంలో సన్న అక్షరాలు తనకు కనబడలేదని, అసలు రాసే లేదని నేను చెప్పేదాకా తెలియదని అన్నారు.